నాన్న వాన కురిపించని రోజులు

ఈస్టరు వెళ్లాక వచ్చిన మొదటి ఆదివారం, సాయంత్రం. గాజువాకలో మా ఇంటి వరండా.

హాజరైనవారు: నేను; మా ఆయన; ఉక్కునగరం క్వార్టర్సు నుంచి ఒక జంట, అందులో భర్త స్టీలు ప్లాంటులో పొద్దుటి షిఫ్టు దిగి నిద్ర కళ్లతో వచ్చాడు; మధురవాడ నుంచి ఇంకో జంట, ఇద్దరివీ కంప్యూటరు ఉద్యోగాలు; వాళ్ల నాలుగేళ్ల పిల్లవాడు, వచ్చిన దగ్గర్నుంచీ మా ఆయన కళ్లజోడుతోనే ఆడుతున్నాడు. రానివారు: మిగతా సంఘమంతా.

రానివాళ్లను కూడా రాసుకోవడం నాకు ఆఫీసులో పట్టుబడిన అలవాటు. రిటైరయ్యాక ఆఫీసు పోయింది కానీ అలవాటు పోలేదు.

విషయం ఇది. మా సంఘంలో సండే స్కూలు చెప్పే అమ్మాయి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. కొత్తవాళ్లు దొరకలేదు. ఆరాధన అయ్యాక నేను లేచి, దొరక్కపోవడమే మంచిదన్నాను. ఈ వేసవిలో ఎవరి పిల్లలకు వాళ్లే ఇంట్లో బైబిలు కథలు చెప్పుకుందాం, ఎలా చెప్పాలో తెలియనివాళ్లు మా ఇంటికి రండి అన్నాను. అందరూ తలలూపారు. ఊపిన తలల్లో మా వరండా దాకా వచ్చినవి ఇవే.

మధురవాడ అమ్మాయి ముందుగా మొదలుపెట్టింది. "ఆంటీ, చెప్పడానికి నాకేం ఇబ్బంది లేదు. కానీ నోవహు ఓడ, జలప్రళయం కథే తీసుకోండి. చివరికి అందరూ మునిగిపోతారు కదా. వీడికి అదెలా చెప్తాం? ఫోన్‌లో కార్టూన్ ఉంది, చాలా బావుంటుంది. జిరాఫీ కిటికీలోంచి తల బయట పెడుతుంది, ఇంద్రధనుస్సు వస్తుంది, అయిపోతుంది."

"వాన ఉండదా?"

"ఉంటుంది. మనుషులుండరు."

ఉక్కునగరం అబ్బాయి ఆవలింత ఆపుకుంటూ, "నాకైతే అసలు కథ చెప్పడమే రాదండి. ఫర్నేసు గురించి అడగండి, ఎంతసేపైనా చెప్తాను," అన్నాడు.

"ఆ సంగతి నాకు తెలుసాంటీ. పెళ్లిచూపుల్లో చెప్పింది అదే," అంది అతని భార్య.

అందరం నవ్వాం. నేను నవ్వుతూనే ఉలిక్కిపడ్డాను. ఒకరికి చెప్పడం రాదు, ఇంకొకరికి మునిగినవాళ్ల గురించి చెప్పడానికి నోరు రాదు. ఆ రెండూ కలిపితే మా నాన్న. వాళ్లకు ఆయన సంగతి చెప్పాను. రాసి ఇవ్వమన్నారు, మిగతావాళ్లకు కూడా చూపిస్తామన్నారు. నాకు డైరీ అలవాటు కాకముందు జరిగింది కాబట్టి ఇదంతా జ్ఞాపకంలోంచే రాస్తున్నాను.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో పనికి వచ్చాడు. కలాసీ. ఓడ అడుగున సరుకు దించడం, ఎక్కించడం ఆయన పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మాంగనీసు, ఇనుప ఖనిజం దుమ్ముతో కనుబొమ్మలు కూడా నల్లగా ఉండేవి. అమ్మ పెరట్లో వేన్నీళ్లు పెట్టేది. ఆయన స్నానం చేస్తుంటే నీళ్లు ముందు నల్లగా, తర్వాత ఎర్రగా, చివరికి మామూలుగా పారేవి. మామూలు రంగు వచ్చేదాకా నన్నూ తమ్ముణ్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

మేముండేది పాతఊరి వైపు, సముద్రం ఒడ్డున. ఇప్పుడక్కడ పొడవాటి ప్రహరీగోడ, దాని వెనక ఓడల కంటెయినర్లు, పెట్టెల మీద పెట్టెలు. అప్పుడు ఒక వరస ఇళ్లు, పెరటి వెనక ఇసుక, ఇసుక మీద పడవలు. వరసలో సగం పోర్టు పనివాళ్లం, సగం చేపల వేటకు వెళ్లేవాళ్లు. పెరళ్ల మధ్య నడుమెత్తు గోడ. ఎండబెట్టిన నెత్తళ్ల చేపల వాసన, పడవలకు పూసే గుగ్గిలం వాసన, తడి గోనెసంచుల వాసన కలిసి ఒక వాసనగా ఉండేవి. ఆ వాసన లేని చోట నాకు చాలా ఏళ్లు సరిగ్గా నిద్ర పట్టేది కాదు.

కథలు చెప్పేది అమ్మ. ఆవిడకు ఒక పద్ధతి ఉండేది. ఎసట్లో బియ్యం పోయగానే కథ మొదలు. గంజి వార్చగానే ఆపి ప్రార్థన. కథ మంచి పట్టులో ఉన్నా సరే, మెతుకు పట్టుకుని చూసి "ఉడికింది" అందంటే అన్నలు తోసేసిన యోసేపు గోతిలోనే ఉండిపోవాల్సిందే, మర్నాడు బియ్యం పడేదాకా. ఆదికాండం మొదటి నుంచి వరసగా వచ్చేది. నచ్చిన చోటికి గెంతడం లేదు. మొదలుపెట్టే ముందు "నిన్న ఎక్కడాపాం?" అని అడిగేది, చెప్పినవాళ్లకే మాడు చెక్క. నేను పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగేదాన్ని, మంట తగ్గి కథ ఇంకాస్త సాగుతుందని. అమ్మకు తెలుసు. కట్టె ముందుకు తోసి, నా చేతి మీద ఒకటి వేసి, కథ ఆపకుండానే చెప్పుకుపోయేది.

అలా రెండోసారి ఆదికాండం మొదలుపెట్టి నోవహు దగ్గరికి వచ్చేసరికి అమ్మకు నెలలు నిండాయి. పురిటికి ఎలమంచిలి, అమ్మమ్మ దగ్గరికి వెళ్లాలి. బయల్దేరే రోజు ట్రంకుపెట్టె మీద కూర్చుని, నన్ను చూపిస్తూ నాన్నతో అంది:

"అన్నం ఇది వండుతుంది. కథ మీరు చెప్పండి."

"నాకు రాదే. చర్చిలో ఉపదేశిగారి దగ్గరికి పంపుతాలే."

"పిల్లల్ని ఉపదేశిగారికి కన్నామా? నేనొచ్చేసరికి నోవహు ఓడ దిగాలి. వీళ్లని అడుగుతాను."

"చెప్పడం చాతకాదంటే వినవేం?"

"మేస్త్రీతో పోట్లాడ్డం చాతవుతుంది కదా. ఆ నోరే."

నాన్న సరేనన్నాడు. ఆయన సరేనంటే అయిపోయినట్టే. మాట ఇచ్చి తప్పడం మా ఇంట్లో లేదు.

ఇక్కడ గోడ అవతలి ఇంటి గురించి చెప్పాలి. వాళ్లాయన్ని నేను మావయ్య అనేదాన్ని, భార్యను అత్త అనేదాన్ని. మావయ్య, మా నాన్న ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. అంతకుముందు ఏడాది దీపావళి రోజుల్లో, గాలివానలో వేట నుంచి తిరిగి వస్తూ, ఒడ్డు కనిపిస్తుండగానే వాళ్ల పెద్దకొడుకుని కెరటం పడవలోంచి లాక్కుపోయింది. చుక్కాని మావయ్య చేతిలో ఉంది. వెనక్కి తిప్పితే పడవ కెరటానికి అడ్డం పడి బోర్లా పడుతుంది. పడవలో ఇంకా ముగ్గురున్నారు. మావయ్య తిప్పలేదు. ఆ ముగ్గురూ ఒడ్డున పడ్డారు.

ఆయన చేసింది తప్పని వేట తెలిసినవాళ్లెవరూ అనలేదు. అత్త కూడా అనలేదు. అసలు ఆ రోజు నుంచి ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదు. అన్నం పెట్టేది, కంచం చప్పుడు చేసి తెలియజేసేది. ఆయన మళ్లీ సముద్రం మీదికి వెళ్లలేదు. పెరట్లో మా గోడకు ఆనుకుని కూర్చుని ఊళ్లోవాళ్ల వలలు బాగుచేసేవాడు. అత్త ఆ చివర చేపలు తోమేది. వాళ్ల చిన్నవాడు, మా తమ్ముడి ఈడువాడు, ఇద్దరి మధ్యా మాటలు మోసేవాడు. "అమ్మ నిన్ను స్నానం సెయ్యమంతంది." "అయ్య ఉప్పు సాల్లేదంతన్నాడు."

అమ్మ వెళ్లిన సాయంత్రం నేను బియ్యం పోశాను. నాన్న బైబిలు తెరిచి దీపానికి దగ్గరగా పట్టుకుని, కూడబలుక్కుంటూ చదివాడు. గంజి వార్చేసరికి తమ్ముడు నిద్రపోయాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు చదువుతూ చదువుతూ, ఓడకు లోపలా బయటా కీలు పూయాలన్న చోట ఆగాడు.

"కీలంటే ఏంటి నాన్నా?"

"తారు లాంటిదమ్మా."

గోడవతల నుంచి గొంతు వచ్చింది. "తారేటి బావ? గుగ్గిలం కాదేటి? తారైతే ఎండకి జారిపోదా?"

నాన్న పుస్తకం మూసేశాడు. "అప్పటికి గుగ్గిలం ఎక్కడిది బావా?"

"సెట్టున్న కాడల్లా ఉంతాది. ఎంత పొడుగేటి ఆ ఓడ?"

అంతే. నాన్నకు నోరొచ్చింది. ఆ రోజు మొదలుకుని ఆయన పుస్తకం చూడకుండా చెప్పడం మొదలుపెట్టాడు. ఓడ కట్టడం నాలుగు మాటల్లో తేలిపోయింది, ఆయన కట్టేవాడు కాదు కనుక. ఎక్కించడం మాత్రం ఆయన పని. అడుగున ఏం వేయాలి, బరువు ఎటు సర్దాలి, గడ్డికట్టలు తడవకుండా ఏ అరలో పెట్టాలి, పులిని ఎక్కించేటప్పుడు తాడు ఎక్కడ పట్టుకోవాలి. చేతులతో చూపిస్తూ, మధ్యలో "ఏయ్, దించు, దించు, ఆపు" అని అరుస్తూ చెప్పేవాడు. తమ్ముడూ అవతలింటి చిన్నవాడూ గోడెక్కి ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ వేసుకుని కూర్చునేవారు. నేను కట్టెలు లాగాల్సిన పనే లేకపోయింది. కథ వింటూ అన్నం సంగతి మరిచిపోయేదాన్ని. జావ తిన్నాం, మాడు తిన్నాం, ఎవరూ ఏమీ అనలేదు.

ఏనుగుల రోజు బాగా గుర్తుంది.

"ఏనుగుని ముందేపు కట్టేత్తే ఓడ ముక్కు దిగబడిపోదేటి బావ?" అన్నాడు మావయ్య.

"అందుకే కదా రెండోదాన్ని వెనకాల కట్టించాడు."

"అయితే ఆలుమగల్ని ఇడదీసేసినాడన్నమాట మీ నోవహు!"

పిల్లలం పడీపడీ నవ్వాం. నాన్నా నవ్వాడు. మావయ్య నవ్వబోయి, పెరటి ఆ చివరకు చూసి ఆగిపోయాడు. అత్త వంచిన తల ఎత్తలేదు. కత్తిపీట మీద చేప కోస్తున్న చప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

రోజులు గడుస్తున్నాయి, ఓడ నిండడం లేదు. "వాన ఎప్పుడు నాన్నా?" అని తమ్ముడు రోజూ అడిగేవాడు.

"ఇంకా గడ్డి ఎక్కలేదురా."

మర్నాడు: "ఇంకా నీళ్ల పీపాలు ఎక్కలేదురా."

"అంత వాన పడతాంటే పీపాలెందుకు?" అన్నాడు తమ్ముడు.

నాన్న పీపాలు మానేసి కోళ్లను ఎక్కించాడు.

నాకు ఓపిక పోయింది. "తర్వాతేంటో నాకు తెలుసు. వాన పడి బయటున్నవాళ్లందరూ ములిగి..." అంటుండగానే నాన్న అరచెయ్యి నా నోటి మీద పడింది. గోడవతల మావయ్య వల దులుపుకుని లేచి, ఇసుకలోకి నడిచి వెళ్లిపోయాడు.

అన్నాలయ్యాక నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మీ అమ్మకు మాటిచ్చాను, చెప్పాలి. కానీ ఆ తల్లి అక్కడ వింటుండగా, ఇంతమంది నీళ్లలో పోయారని నా నోటితో ఎలా అనమంటావే?"

"లోపల గదిలో చెప్పు, వాళ్లకు వినపడదు."

"ఇన్నాళ్లూ విన్నోళ్లని వదిలేసి గదిలోకెళ్లి గుసగుసలాడుకుందామా? తప్పు. చెప్తే ఇక్కడే చెప్పాలి." దీపం వత్తి తగ్గిస్తూ, "చెప్తాను. రేపు," అన్నాడు.

ఆ రేపు కొంగలు ఎక్కాయి. ఎల్లుండి తాబేళ్లు. ఈలోగా ఎలమంచిలి నుంచి కబురొచ్చింది, చెల్లి పుట్టిందని, తల్లీపిల్లా క్షేమమని, కాస్త కోలుకోగానే వస్తారని. నాన్న ఇరుగుపొరుగుకు బెల్లం పంచాడు. మావయ్యకు చేతిలో పెట్టాడు. అత్తకు ఇవ్వడానికి నన్ను పంపాడు. అత్త తీసుకుని, నా గడ్డం పట్టుకుని, "మీ నాన్నకి ఓడ ఇంకా నిండనేదేటే?" అంది. నేను తల అడ్డంగా ఊపాను.

ఆ సాయంత్రం నేను బియ్యం పోసేసరికి అత్త గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. చేతులకు పొలుసులు అంటుకునే ఉన్నాయి. మావయ్య కూర్చున్నచోటికి రెండు బారల దూరంలో ఉంది. ఆయన్ని చూడలేదు.

"అన్నయ్యా, వాన ఎప్పుడు కురిపిత్తావు?"

నాన్న లేచి నిలబడ్డాడు. "కురిపిస్తానమ్మా. ఇంకొన్ని ఎక్కాల్సినవి..."

"ఏటెక్కాలి? ఊల్లో ఉన్న పిల్లీ, ఎలకా అన్నీ ఎక్కించేసినావు. నాకోసరం ఆపినావని నాకు తెల్దేటి? నీలంటే నాకు కొత్తేటి అన్నయ్యా? కురిపించు. సగంలో ఆపితే గోడెక్కి కూకున్న గుంటలకి కలలొత్తాయి."

"నీకు కష్టంగా ఉంటుంది చెల్లమ్మా."

"కట్టం నువ్వు సెప్పినా ఉంతాది, సెప్పకపోయినా ఉంతాది. సెప్పు."

అక్కడే ఇసుకలో కూర్చుంది.

నాన్న కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఆ రోజు చేతులు ఆడించలేదు, అరవలేదు. మబ్బు పట్టింది. ఓడలోకి ఎక్కాల్సినవాళ్లు ఎక్కారు. తలుపు మూశారు. వాన పడింది. పైనుంచి పడింది, భూమి లోపల్నుంచీ ఉబికింది. ఊళ్లు పోయాయి, కొండలు పోయాయి. బయటున్నవాళ్లందరూ పోయారు. ఆ చివరి మాట కూడా అన్నాడు. మింగలేదు.

గోడ మీదున్న అవతలింటి చిన్నవాడు మా నాన్నను అడిగాడు. "బయటున్నోల్లు తలుపు కొట్టనేదేటి మావయ్యా?"

"కొట్టే ఉంటారు."

"మరి నోవహు తియ్యనేదేటి?"

పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతోంది. నాన్న ఆ పిల్లవాడినే చూస్తూ, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాడు. "తీస్తే నీళ్లు లోపలికొచ్చేస్తాయి నాయనా. లోపలున్నోళ్లు కూడా పోతారు. ఒక్కరు కూడా మిగలరు."

మావయ్య చేతిలో వల అల్లే కర్రముక్క ఆగిపోయింది. ఆయన తల ఎత్తలేదు. అత్త ఆయన వైపు చూసింది. ఏడాదిలో మొదటిసారి అనుకుంటాను, సూటిగా చూసింది.

నేను గంజి వార్చాను. అత్త వైపు చూస్తూ కాస్త కాలు మీద పోసుకున్నాను కూడా. నాన్న మొదటిసారి నలుగురిలో పైకి ప్రార్థన చేశాడు. సముద్రం మీద ఉన్నవాళ్ల కోసం, ఒడ్డున ఉన్నవాళ్ల కోసం. అంతే, రెండు వాక్యాలు. అత్త కొంగుతో పొలుసులు దులుపుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆవిడను బాధపెట్టానని నాన్న అన్నం సరిగ్గా తినలేదు.

మా వరండాలో ఆ మధురవాడ అమ్మాయి ఇక్కడిదాకా వింటూ పిల్లవాణ్ని ఒళ్లోకి లాక్కుంది. ఆ వయసు పిల్లలకు ఎంత చెప్పాలో ఎంత ఆపాలో ఏ ఇంటి సంగతి ఆ ఇంటికే తెలుస్తుంది, నాకు తెలియదు. నాకు తెలిసింది ఇదొకటే. చెప్పడం రాని మనిషి చెప్పాడు, చెప్పలేననుకున్న చోట కూడా ఆగలేదు. అది చెప్పింది ఇంట్లో కాబట్టి, ఎవరు వింటున్నారో, ఎవరికి ఎక్కడ నొప్పో తెలిసి చెప్పాడు. ఆ పని కార్టూను వల్ల కాదు, ఎంత బావున్నా. అందుకే నేను ఈ వేసవికి పట్టు వదలను. వచ్చే ఆదివారం రానివాళ్ల ఇళ్లకు నేనే వెళ్తాను. గేటు తీసేదాకా బెల్లు కొడతాను.

ఆ మర్నాడు పొద్దున జరిగింది కూడా రాసి ఆపుతాను.

నాన్న పనికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర నిలబడి టీ తాగుతున్నాడు. అత్త వచ్చింది. పెరటివైపు నుంచి కాదు, వీధి గుమ్మానికి వచ్చింది. కొడుకు పోయాక మా గుమ్మానికి రావడం అదే మొదలు.

"అన్నయ్యా, ఒక మాట. ఆ ఓడ తలుపు ఎవలు మూసినారు? ఆ నోవహేనా?"

నాన్న ఆలోచించాడు. "సరిగ్గా గుర్తులేదమ్మా. ఊరికే నోటికొచ్చింది చెప్పకూడదు. ఉండు." గ్లాసు కింద పెట్టి నన్ను పిలిచాడు. నేను బైబిలు తెచ్చి గుమ్మంలోనే నిలబడి, వేలు పెట్టుకుంటూ చదివాను. నోవహు ఎక్కాడు, కొడుకులూ కోడళ్లూ ఎక్కారు, జంతువులు ఎక్కాయి. అప్పుడు ఆ తలుపు మూసింది దేవుడు.

"మల్లీ సదువమ్మా."

మళ్లీ చదివాను.

"దేవుడే మూశాడు చెల్లమ్మా. ఇందులో అలాగే ఉంది," అన్నాడు నాన్న.

"అయితే లోపలున్న మడిసి సేతిలో ఏటీ నేదన్నమాట."



అత్త గుమ్మం పట్టుకుని నిలబడింది. "కొట్టిన సప్పుడు మాత్రం ఆ మడిసికి ఇనబడే ఉంతాది."

"వినబడే ఉంటుందమ్మా. ఆ నీళ్లు తీసేదాకా వినబడుతూనే ఉండి ఉంటుంది."

ఆవిడ తల ఊపింది. వెళ్లిపోయింది.

నాన్నకు పనికి వేళ మించిపోతోంది. అయినా కదల్లేదు. నేను కూడా బైబిలు పట్టుకుని అలాగే నిలబడ్డాను. గోడవతల కంచం పెట్టిన చప్పుడైంది. రోజూ అయ్యే చప్పుడే. దాని తర్వాత, మేం ఆ ఇంట్లోంచి ఏడాదిగా వినని మాట వినిపించింది.

"ఏటలగ కూకుండిపోనావు? సల్దన్నం ఎట్టినాను. ఉల్లిపాయ కావాలేటి?"

కంచం దగ్గరికి లాక్కున్న చప్పుడైంది.

"ఇయ్యి," అన్నాడు మావయ్య.